చిన్నబాబు గిన్నె

ఆ ఎండాకాలం నేనొక కుక్కకి నలభై రోజులు అన్యాయం చేశాను. తెలిసే చేశాను. ఎవరి మీద కోపంతో చేశానో వాళ్ల మీద ఆ కోపం నాకు ఈ రోజుకీ వీసమెత్తు తగ్గలేదు. ముందే చెప్పేస్తే మంచిది, చివర్లో నేనేదో పశ్చాత్తాపంతో కుమిలిపోతానని ఎవరూ ఎదురుచూడకుండా.

నేను జంతువుల ఆసుపత్రిలో కాంపౌండర్ని. వేసవిలో ఒక మధ్యాహ్నం బ్యాటరీ ఫ్యాక్టరీ యజమాని స్వయంగా తన కుక్కని తీసుకొచ్చాడు. ఊళ్లో సగం ఇళ్లు ఆ ఫ్యాక్టరీ మీదే బతుకుతాయి కాబట్టి అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. మా అమ్మ ఆయనకి వేరే పేర్లు చాలా పెట్టింది, అవి ఇక్కడ రాయదగ్గవి కావు. గుర్రప్పిల్లంత కుక్క. దాన్ని ఆయన "చిన్నబాబు" అని పిలుస్తున్నాడు. డ్రైవరూ, తోటమాలీ చెరోపక్కా గొలుసు పట్టుకున్నారు.

"రెండు నెలల క్రితం దాకా కూర్చోమంటే కూర్చునేది, చెయ్యిమ్మంటే ఇచ్చేది. ఇప్పుడు పిలిస్తే పలకదు. గాల్లో ఏదో ఉన్నట్టు కొరుకుతుంది. మొన్న నా మీదకే వచ్చింది డాక్టరమ్మా, నా మీదకే!" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజం చెప్పొద్దూ, ఆ నీళ్లు చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

మా తమ్ముడు ఆ ఫ్యాక్టరీలో పదకొండేళ్లు సీసం కరిగించి బ్యాటరీ ప్లేట్లు పోత పోశాడు. మూడు నెలలకోసారి అక్కడ రక్తపరీక్ష ఉంటుంది. దానికి ముందు ఫ్యాక్టరీ డాక్టరు, పనివాళ్లు ఆయన్ని నంబర్ల డాక్టరంటారు, వరసగా ఐదు రోజులు సూది పొడుస్తాడు. ఆ మందు రక్తంలో సీసాన్ని పట్టి మూత్రంలోకి తోసేస్తుంది. ఆరో రోజు రక్తం తీస్తే నంబరు బ్రహ్మాండంగా ఉంటుంది. ఏడో రోజు మనిషి మళ్లీ అదే కొలిమి ముందు, అదే పొగలో. ఇలా పదకొండేళ్లు. నవ్వుతూ నవ్విస్తూ తిరిగే మా తమ్ముడు మెల్లగా మాట మరిచిపోవడం, చెంబు విసరడం, ఊరికే అరవడం మొదలుపెట్టాడు. చలికాలంలో ఒకరోజు, నీళ్లు ఒలకబోసిందని ఆరేళ్ల కూతురి చెయ్యి మెలిపెట్టాడు. మణికట్టు విరిగింది. ఆ చెయ్యి చూసి వాడే బావురుమన్నాడు. మర్నాడే మరదలు పిల్లని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. అదే వారంలో ఫ్యాక్టరీ వాణ్ని తీసేసింది. రక్తంలో సీసం మామూలుగానే ఉంది కనక, కాయితం మీద కారణం ఇలా రాశారు: "మద్యపానం వల్ల దురుసు ప్రవర్తన."

జన్మలో చుక్క ముట్టనివాడు. మరదలి అన్నలు ఆ కాయితం మా మొహాన పెట్టి, "తాగుడు కాదని రుజువు తెండి, మా చెల్లెల్ని పంపిస్తాం" అన్నారు. తమ్ముడు కార్మిక శాఖలో అర్జీ పెట్టుకున్నాడు. విచారణ ఎండాకాలం చివర్లో అన్నారు. రుజువు మాత్రం మా దగ్గర ఏమీ లేదు.

అలాంటి రోజుల్లో ఆ కుక్క రక్తపరీక్ష ఫలితం వచ్చింది. ఒంటినిండా సీసం.

డాక్టరమ్మ నన్ను పిలిచి తలుపు వేసింది. "ఇంజెక్షన్లు మొదలుపెడదాం. కానీ ముందు ఆ సీసం ఎక్కణ్నించి వస్తోందో పట్టుకోవాలి. లోపలికి పోతూనే ఉంటే ఈ మందు ఇచ్చీ లాభం లేదు. ఒక్కోసారి పేగులు ఇంకా ఎక్కువ పీల్చుకుంటాయి కూడా. ఆయనేమో కుక్క ఫ్యాక్టరీ గడప కూడా తొక్కలేదంటాడు. నువ్వు రోజూ బంగళాకి వెళ్లి సూది వేసి, ఇల్లంతా గాలించు."

మా ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉంది. ప్రతి కేసు కాయితంలోనూ "చెప్పినది చెప్పినట్టు" అని ఒక గడి ఉంటుంది. జంతువు యజమాని ఏమన్నాడో ఆయన మాటల్లోనే రాసి, చదివి వినిపించి, సంతకం చేయించుకోవాలి. జనం తర్వాత మాట మారుస్తారని డాక్టరమ్మ పెట్టిన పద్ధతి. దాని కింద "ఇంటి తనిఖీ" అని ఇంకో గడి. అక్కడ సంతకం నాది.

బంగళాలో వెతకడానికి నాకు పావుగంట పట్టలేదు. వెనక వరండాలో కుక్క తిండిగిన్నె ఉంది. చిన్నపిల్లకి స్నానం చేయించేంత గిన్నె. పైన వెండిరంగు పూత, లోపల మాత్రం కుక్క నాకి నాకి ఆ పూత ఎప్పుడో పోయింది. సగం దాకా పాలున్నాయి, ఎండకి పులిసి వాసన కొడుతున్నాయి.

"ఇంత బరువు గిన్నె ఎందుకమ్మా?" అని వంటావిడని అడిగాను.

"స్టీలువైతే ముట్టెతో నెట్టుకుంటూ ఇల్లంతా తిరిగేది. కదలకుండా ఉండాలని అయ్యగారు ఫ్యాక్టరీలోనే పోత పోయించారు. నావల్ల ఎత్తడం ఎక్కడవుతుంది! ఉన్నచోటే ఓ చెంబుడు నీళ్లు కొట్టి కడుగుతా, అంతే."

ఆవిడ లోపలికి వెళ్లాక గిన్నె అంచుని గోరుతో గీశాను. మెత్తగా గీత పడింది. వేలికి బూడిదరంగు అంటింది. ఆ రంగు నాకు కొత్త కాదు, పదకొండేళ్లు తమ్ముడి చొక్కాలు ఉతికిన చెయ్యి ఇది.

పెద్దాయన వరండాలోకి వచ్చాడు. "ఏమైనా దొరికిందా అమ్మా?"

"లేదు సార్" అన్నాను.

ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని నేననుకోలేదు. కుక్కకి సూది వేశాను. కేసు కాయితం తీసి, ఇంటి తనిఖీ గడిలో "సీసం ఉన్న వస్తువేదీ కనబడలేదు" అని రాసి సంతకం పెట్టాను.

సాయంత్రం భోజనాల దగ్గర ఇంట్లో చెప్పాను. తమ్ముడు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు.

"గుండ్రంగా, చుట్టూ ఆకుల డిజైనుతో ఉంటుందా?"

"నీకెలా తెలుసురా?"

"నేనే పోశానక్కా అది! సూపర్‌వైజరు దగ్గరుండి పోయించాడు. మూడు రోజులు నునుపు చేశాను. పెద్దాయనకి ఎవరో పెద్దమనుషులు వస్తున్నారు, బల్ల మీద పెట్టుకోడానికని చెప్పాడు. కుక్కకా!" అని నవ్వాడు. చలికాలం తర్వాత వాడు నవ్వడం అదే మొదటిసారి. పొరపోయి దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

అమ్మ వాడి నెత్తి మీద తడుతూ, "ఆ గిన్నె సంగతి ఎవరికీ చెప్పకే. కొన్నాళ్లు ఆయన కూడా కళ్లారా చూసుకోనీ. కన్నబిడ్డలాంటిది మీదికొస్తే కడుపు ఎలా కాలుతుందో తెలుసుకోనీ" అంది.

"చెప్పను" అన్నాను.

అప్పటినుంచి మా ఇంటికి కళ వచ్చింది. సిగ్గుచేటైనా నిజమే. నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే అమ్మ లోపల్నించి, "చిన్నబాబుగారి ఆరోగ్యం ఎలా ఉందే?" అనేది. నేను అనుకరించి చూపించేదాన్ని. మెట్ల దగ్గరికొచ్చి ఎలా ఎక్కాలో మరిచిపోయిన విధం, పెద్దాయన "చెయ్యి, చెయ్యి" అని బతిమాలుతుంటే గుర్రుమన్న విధం, ఆయన గబుక్కున కుర్చీ ఎక్కేసిన విధం. ఇరుగుపొరుగు వాళ్లు మా ఇంట్లో పెళ్లి కుదిరిందనుకుని ఉంటారు.

ఐదు సూదులు అయ్యాక రక్తం ఎప్పుడు తీద్దామని డాక్టరమ్మ అడిగింది.

"రేపే తీద్దామండీ, ఆరో రోజు" అన్నాను. ఫ్యాక్టరీ లెక్కే లెక్క.

నంబరు సగానికి పైగా పడిపోయింది. పెద్దాయన ఆ కాయితం పట్టుకుని పొంగిపోయాడు. పది రోజులు విరామం ఇచ్చి రెండో విడత వేశాం, ఆరో రోజు నంబరు ఇంకా తగ్గింది. కుక్క మాత్రం తోటమాలి పిక్క పట్టుకుంది. డాక్టరమ్మ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నంబరు తగ్గింది, కుక్క నెమ్మదించలేదు. ఇదేంటే? రక్తంలో లేకపోతే మరి దాని బుర్రలో ఏం జరుగుతోంది? నువ్వు సరిగ్గా వెతికావా?"

"ఇల్లంతా వెతికానండీ."

ఆవిడ నన్ను నమ్మింది. పన్నెండేళ్లుగా ఒక్క మందుసీసా తేడా చెయ్యనిదాన్ని, ఎందుకు నమ్మదు? ఆ రోజు నాకు కొంచెం గుచ్చుకుంది. కొంచెమే. ఎందుకంటే అప్పటికి ఆ కాయితాల్లో నాకు కావలసింది కనబడడం మొదలైంది. నంబరు బాగుంది, ప్రవర్తన బాగోలేదు, మధ్యలో తాగుడు లేదు. కుక్క తాగొచ్చి కరిచిందని ఏ నంబర్ల డాక్టరూ రాయలేడు.

కక్ష కోసం మొదలుపెట్టిన పని రుజువు కూడా అయ్యేసరికి నాకు పట్టపగ్గాలు లేకుండా పోయాయి.

మూడో విడత మూడో రోజున, అలవాటుగా కుక్క ముచ్చట్లు చెబుతున్నాను. "ఇవాళ కొత్త వేషం. గోడ దగ్గరికెళ్లి నుదురు దానికి ఆనించి అలా నిలబడిపోయింది. అరగంట. పిలిచినా కదల్లేదు."

అమ్మ నవ్వింది. తమ్ముడు నవ్వలేదు.

"గట్టిగా నొక్కుతోందా, ఊరికే ఆనించిందా?"

"గట్టిగానే."

వాడు లేచి చెయ్యి కడుక్కున్నాడు. సీసం దెబ్బకి వాడి చెయ్యి అప్పటికీ మణికట్టు దగ్గర వాలిపోతూ ఉండేది, చెంబు రెండు చేతులతో పట్టుకోవాలి. తిరిగొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ గిన్నె తీయించెయ్ అక్కా."

"ఏంట్రా?"

"ఫ్యాక్టరీలో స్నానాల గదిలో నేనూ అలాగే నిలబడేవాణ్ని, చల్లటి గోడకి. అలా నొక్కితేనే కాస్త నెమ్మదిగా ఉండేది. దానికి ఏమవుతోందో నాకు తెలుసు. తీయించెయ్."

"విచారణ ఇంకో పదిహేను రోజుల్లో ఉంది. ఇంకొక్క నంబరు రానీ."

"అక్కర్లేదు."

"నీకు అక్కర్లేకపోతే సరా? నీ కూతురు అక్కర్లేదా నీకు?"

ఆ మాట అనకూడదు. అన్నాను. ఆ రోజునుంచి నేను గుమ్మంలోకి వస్తుంటే వాడు లేచి పెరట్లోకి వెళ్లిపోయేవాడు. అమ్మ కూడా చిన్నబాబుగారి ఆరోగ్యం అడగడం మానేసింది. నేను మాత్రం గిన్నె తీయించలేదు.

మూడో నంబరు అన్నిటికంటే బాగా వచ్చింది. ఇక నాకు పెద్దాయన నోటి మాటే మిగిలింది.

నలభయ్యో రోజు పొద్దున్నే బంగళాకి వెళ్లాను. కేసు కాయితం అట్టకి బిగించి, కలం మూత తీసి ఉంచుకున్నాను. కుక్క వరండా స్తంభం చుట్టూ తిరుగుతోంది, తిరిగిన దారే మళ్లీ మళ్లీ. పెద్దాయన కుడిచేతికి కట్టు ఉంది. ముందురోజు దాని తల నిమరబోయాడట.

"సార్, ఈ గిన్నె దేనితో చేశారు?" అన్నాను, అప్పుడే చూసినట్టు.

"ఏదో లోహం. మా వాళ్లే పోశారు. ఎందుకు?"

గోరుతో గీసి, వేలు ఆయన ముందు పెట్టాను. నలభై ఏళ్లుగా సీసంతో వ్యాపారం చేసే మనిషికి ఇంక చెప్పేదేముంటుంది? ఆయన గిన్నెని చూశాడు, పాలని చూశాడు, కుక్కని చూశాడు. మొహం ముందు పాలిపోయింది, తర్వాత ఎర్రబడింది.

"ఇది ఇక్కడ పెట్టుకుని ఇన్నాళ్లూ ఇంజెక్షన్లు పొడిచారా మీరు? బుద్ధుందా మీకు? ఒకపక్క విషం లోపలికి పోతూ ఉంటే ఇంకోపక్క మందు పొడవడం వైద్యమా? నంబరు తగ్గింది, నంబరు తగ్గిందని కాయితాలు చూపించి నన్ను మోసం చేశారు! అది కరిస్తే దాని తప్పా? నోరులేనిది, దాని బుర్ర మీరు పాడు చేశారు!"

నేను రాస్తున్నాను.

"ఏంటి రాస్తున్నావ్?"

"మీరన్నది సార్. చెప్పినది చెప్పినట్టు."

"రాయి! ఒక్క ముక్క వదలకుండా రాయి! మీ ఆసుపత్రిని వీధికీడుస్తాను."

చదివి వినిపించాను. మధ్యలో "మోసం" అన్న మాట దగ్గర ఆపి, ఇది ఉంచమంటారా అని కూడా అడిగాను. "ఉంచు" అని, కట్టు ఉన్న చేత్తోనే కలం లాక్కుని సంతకం పెట్టాడు. కాయితం చిరిగేంత గట్టిగా పెట్టాడు.

ఇద్దరు మనుషులు గిన్నెని మోసుకుపోయారు. ఇంటికి నడుస్తుంటే ఎండ చండప్రచండంగా ఉంది. నాకు మాత్రం ఒళ్లంతా చల్లగా ఉంది.

విచారణ ఒక ఇరుకు గదిలో జరిగింది. బల్లకి అటువైపు అధికారి, కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని. ఇటు మేము, మాకెదురుగా పెద్దాయన, నంబర్ల డాక్టరు, వాళ్ల లాయరు. గోడవార కుర్చీల్లో మరదలి పెద్దన్నయ్య, పక్కనే మరదలు. మమ్మల్ని చూసి తల తిప్పుకుంది. నంబర్ల డాక్టరు పదకొండేళ్ల రిపోర్టులు వరసగా పేర్చి, "ప్రతిసారీ మామూలుగానే ఉందండీ. కాబట్టి ఆ ప్రవర్తనకి తాగుడు తప్ప వేరే కారణం లేదు" అన్నాడు.

నేను కేసు కాయితం తీసి బల్ల మీద పెట్టాను. అధికారి మూడు నంబర్లూ చదివాడు. కరిచిన తేదీలు చదివాడు. తర్వాత గడిలో రాసింది పైకి చదివాడు, తాపీగా, ఒక్కో ముక్కా. "ఒకపక్క విషం లోపలికి పోతూ ఉంటే ఇంకోపక్క మందు పొడవడం వైద్యమా..." చివర్న తలెత్తి, "ఈ సంతకం మీదేనాండీ?" అని పెద్దాయన్ని అడిగాడు.

అప్పుడు ఆ మొహం చూడాలి. నేను చూశాను. కడుపు నిండా చూశాను.

"అది నేను కుక్క గురించి అన్నమాట!" అన్నాడు.

"మనుషులకి వేరేలా పనిచేస్తుందా మరి?" అన్నాడు అధికారి.

నంబర్ల డాక్టరు తన రిపోర్టుల్ని సర్దడం మొదలుపెట్టాడు. అంతటితో అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఫ్యాక్టరీ లాయరు లేచాడు. కేసు కాయితం అడిగి తీసుకుని, రెండో గడి మీద వేలు పెట్టాడు.

"ఇంటి తనిఖీ సంతకం మీది. ఏమీ కనబడలేదని మొదటి రోజు రాశారు. నలభయ్యో రోజు గిన్నె కనబడింది. మీ తమ్ముడు పోసిన గిన్నె. సూటిగా చెప్పండి, ఆ గిన్నె మీరు మొదట చూసింది ఎప్పుడు?"

అబద్ధం చెప్పొచ్చు. చెబితే నమ్మేవాళ్లే. కానీ ఎదురుగా పెద్దాయన, ఇన్నాళ్లూ నేను పనిచేతకాని దాన్నని అనుకుంటున్న పెద్దాయన, కూర్చుని ఉన్నాడు. నేను చేశానని ఆయనకి తెలియకపోతే ఇంకెందుకు?

"మొదటి రోజే" అన్నాను.

"తెలిసే నలభై రోజులు దాన్ని అక్కడే ఉండనిచ్చారా?"

"ఉండనిచ్చాను. కుక్కకి నలభై రోజులు. మా తమ్ముడికి పదకొండేళ్లు."

అధికారి రాసుకున్నాడు. తమ్ముడు తన చేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాడు.

తీర్పు తొలకరితో పాటు వచ్చింది. "మద్యపానం" కొట్టేసి "సీసం వల్ల కలిగిన అనారోగ్యం" అని రాశారు. పరీక్షకి ముందు సూదులు పొడవడం నిషేధించారు. కొత్త పొగగొట్టాలు పెట్టేదాకా కొలిమి ఆపమన్నారు. నంబర్ల డాక్టరు ఊరు వదిలి వెళ్లిపోయాడు. పెద్దాయన బయటికి రావడం తగ్గించాడట. అమ్మ ఆ కాయితం నలుగురిచేతా చదివించుకుని వింది.

డాక్టరమ్మ కబురు పెట్టింది. కుక్కకి ఇప్పుడు సరైన వైద్యం జరుగుతోందని, కరవడం మానిందని, కానీ పిలిస్తే ఇంకా పలకడం లేదని చెప్పింది. నన్ను కూర్చోమనలేదు. "నీ పగ నాకు అర్థమైంది. కానీ జంతువుల దగ్గర నిన్ను ఇంక ఉంచలేను. నేను నిన్ను అడిగాను, సరిగ్గా వెతికావా అని" అంది. తాళంచెవులు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

మరుసటి ఆదివారం మరదలు వచ్చింది. రెండు సంచులు, పిల్ల. తమ్ముడు గుమ్మం పక్కన నిలబడ్డాడు, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని. పిల్ల వాణ్ని ఎగాదిగా చూసింది. తర్వాత నడిచి వెళ్లి, విరిగి అతికిన చేత్తోనే వాడి చొక్కా అంచు పట్టుకుంది. వాడు కదల్లేదు, చేతులు ముందుకి తేలేదు, కళ్లు తుడుచుకోలేదు. అమ్మ లోపలికి పరుగెత్తింది, ఏడవడానికో, పొయ్యి వెలిగించడానికో.

నాకు గుండె ఉప్పొంగింది. ఇదంతా నేనే తెచ్చాను, వీధిలో నిలబడి అరిచి చెప్పాలనిపించింది. వంగి, "రావే బంగారూ, అత్త దగ్గరికి రా" అని చేతులు చాచాను.

మరదలు సంచులు కింద పెట్టి, పిల్ల భుజం పట్టుకుని తన వెనక్కి లాక్కుంది. విసురుగా కాదు. వేడిగిన్నె దగ్గర్నించి పిల్లల్ని లాగుతామే, అలా.

"పిల్ల మీకు దూరంగానే ఉంటుందిలెండి" అంది.

"అదేంటే? వాడి తప్పు కాదని కాయితమే వచ్చింది కదా!"

"వచ్చింది. చదివాను. ఆ రోజు గదిలో మీ మాటలూ విన్నాను. ఈయనకైతే విషం ఎక్కింది" అంది, నా కళ్లలోకి చూస్తూ. "మీకేమైంది వదినా?"

నేను తమ్ముడికేసి చూశాను, నా తరఫున ఏమైనా అంటాడని. వాడూ నాకేసే చూస్తున్నాడు, జవాబు కోసం.